మేడమీద పాటలు వినే క్లాసు: ఒక కీబోర్డు ప్లేయర్ రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తాను. పాఠం అద్భుతం, స్పీకర్లు దండగ. డబ్బులు మాత్రం వృథా కావు. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతావాళ్ళు చదవండి, కాస్త పొడుగే.

మా విజయనగరంలో దాసన్నపేట వైపు ఒక మేడమీద హాల్లో ఆదివారం సాయంత్రాలు ఈ క్లాసు నడుస్తోంది. పాడటం నేర్పరు, వాయించడం నేర్పరు. కూర్చోబెట్టి వినిపిస్తారు. మన శాస్త్రీయ సంగీతంలోంచి బయటి దేశాల కంపోజర్లు ఏం పట్టుకెళ్ళారు, మన సినిమా సంగీత దర్శకులు దాన్నేం చేసుకున్నారు అన్నదే మొత్తం విషయం. రెండు నెలల కోర్సుకి ఫీజు 2,000 రూపాయలు. పాఠం చెప్పేది రిటైరైన ఫిడేలు మాస్టారు ఒకాయన. తాళం సంగతులకి ఆమదాలవలస నుంచి ఒక అమ్మాయి మృదంగం పట్టుకుని రైల్లో వస్తుంది. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యను.

నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. పెళ్ళి రిసెప్షన్లు, చవితి పందిళ్ళు, పైడితల్లమ్మ పండగప్పుడు స్టేజీ ప్రోగ్రాములు. ఈమధ్య లాప్‌టాప్‌లో షార్ట్‌ఫిల్ములకి బ్యాక్‌గ్రౌండ్ కూడా చేస్తున్నాను. సంగీత కళాశాలలో చదివినవాణ్ణి కాను, చెవితో పట్టుకుని వాయించే బాపతు. కాబట్టి శాస్త్రం క్షుణ్ణంగా తెలిసినవాళ్ళు ఈ రివ్యూని ఆ లెక్కలోనే తీసుకోండి.

చేరేముందు నాకున్న అనుమానం ఒకటే. ఇలాంటి విషయం ఎవరెత్తుకున్నా 1965లో బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ సితార్ పట్టుకోవడం దగ్గర మొదలెట్టి, అక్కడే ప్రదక్షిణాలు చేసి, ‘మన సంగీతం ప్రపంచాన్ని జయించింది’ అని చప్పట్లు కొట్టించి పంపేస్తారు. మాస్టారు ఆ కథని రెండు నిమిషాల్లో ముగించారు. “అది వాయిద్యం మోజు బాబూ. పాటలో ఒక కొత్త చప్పుడు పడింది, అంతే. పని నేర్చుకున్నవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ దగ్గరికి పోదాం” అన్నారు. అప్పుడే అనుకున్నాను, ఫీజు గిట్టుబాటయ్యేలా ఉందని.

మొదట ఎత్తుకున్నది లయ. పారిస్‌లో రవిశంకర్ ఒక సినిమాకి సంగీతం చేస్తున్నప్పుడు, ఆయన చెప్పినదాన్ని అక్కడి వాయిద్యకారుల కోసం పాశ్చాత్య స్వరలిపిలో (స్టాఫ్ నొటేషన్) రాసిపెట్టడానికి ఒక అమెరికన్ కుర్రాణ్ణి కుదుర్చుకున్నారు. ఆ కుర్రాడు ఫిలిప్ గ్లాస్. వాళ్ళ పద్ధతిలో లయని భాగాలు చేసే బార్ గీతలు గీసుకుంటూ రాశాడు. గీత పడిన చోటల్లా ఊనిక పడిపోతోంది. పక్కనే ఉన్న తబలా అల్లారఖా అలా కాదు, స్వరాలన్నీ సమానమే అని మళ్ళీ మళ్ళీ అంటున్నారు. విసిగిపోయి గీతలన్నీ చెరిపేశాక గ్లాస్‌కి కనబడిందేమిటంటే, చిన్న చిన్న రెండ్లూ మూళ్ళూ కూడుకుంటూ పోయి ఒక పెద్ద ఆవృతం అవుతోంది. పాశ్చాత్యులు పెద్ద కాలాన్ని ముక్కలుగా కోస్తారు, మనవాళ్ళు ముక్కల్ని పేర్చి పెద్దది చేస్తారు. ఆయన సంగీతం దిక్కు మారింది అక్కడే.

ఇది ఎక్కడైనా చదవొచ్చు. క్లాసులో ఏం చేశారంటే, గ్లాస్ 1968లో రాసిన ‘వన్ ప్లస్ వన్’ని మాచేత బెంచీల మీద కొట్టించారు. ఒక్క మనిషి మైకు తగిలించిన బల్ల మీద వేళ్ళతో వాయించాల్సిన రచన అది. ఉన్నవి రెండే రెండు లయ ముక్కలు. వాటిని ఎన్నిసార్లు, ఏ వరసలో కూడాలన్నది వాయించేవాడి ఇష్టం. మేం బెంచీలు బాదుతుంటే మృదంగం అమ్మాయి పక్కనుంచి తకిట, తకధిమి అంటూ అదే లెక్కని నోటితో చెప్పింది. తర్వాత ఒక్కో అక్షరం తగ్గించుకుంటూ గోపుచ్ఛ యతిలోకి దింపింది. ఆవుతోకలా మొదట లావుగా మొదలై చివరికి సన్నబడటం. రెండూ పక్కపక్కన వింటే చుట్టరికం ఎవరూ చెప్పక్కర్లేదు.

అయిపోయాక ఆ అమ్మాయి నాతో అన్నమాట ఈ కోర్సు మొత్తంలో నాకు బాగా నచ్చిన విమర్శ. “లెక్క మాదేనన్నయ్యా. కానీ ఇంతసేపు పేర్చి ముక్తాయింపు వెయ్యరేటి? సమం మీద దిగకుండా ఎలా వదిలేస్తారు?” నిజమే. మన కచేరీలో తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) ఎంత దూరం తిరిగినా ముక్తాయింపు, అంటే ముగింపు లయముక్క, మూడుసార్లు కొట్టి సమానికి, తాళం మొదటి దెబ్బకి, రావాల్సిందే, జనం ఊపిరి వదిలేది అప్పుడే. గ్లాస్ పేర్చుకుంటూ పోతాడు, ఒకచోట ఆపేస్తాడు. కూడిక పట్టుకెళ్ళాడు గానీ ఇల్లు చేరడం పట్టుకెళ్ళలేదు. అక్కర్లేదనుకున్నాడేమో కూడా.

ఈ ఊళ్ళో లయ గురించి మాట్లాడుతూ ఆదిభట్ల నారాయణదాసు గారిని తలవకపోతే తప్పు. 1919లో ఇక్కడ పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. మాస్టారు మాచేత రెండు చేతులతో రెండు తాళాలు వేయించబోయారు. ఒక చేత్తో మూడు, ఇంకో చేత్తో నాలుగు. అరనిమిషం లోపే హాలంతా సంతలా తయారైంది. అప్పుడర్థమైంది ఐదంటే ఏమిటో.

తర్వాతి వారం ఒలివియె మెస్సియాన్. ఈ ఫ్రెంచి ఆయన గురించి నాకు అస్సలు తెలీదు. ఈ ఒక్క సాయంత్రానికే సగం ఫీజు ఇచ్చేయొచ్చు. 1941 జనవరి 15న, గోర్లిట్జ్ దగ్గర జర్మన్ల ఖైదీ శిబిరంలో, క్లారినెట్, వయొలిన్, చెల్లో, పియానో, ఈ నాలుగింటితో ఒక రచన వాయించారు. రాసినవాడూ ఖైదీనే, పియానో దగ్గర కూర్చున్నదీ ఆయనే. అందులో మొదటి భాగంలో పియానో లయ మూడు మన తాళాల్ని గుచ్చి చేసింది: రాగవర్ధనం, చంద్రకళ, లక్ష్మీశం. మొత్తం 17 విలువలు. దాని మీద నడిచే కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) వరస మాత్రం 29. లయ 17 దగ్గర తిరిగి మొదలవుతుంది, కార్డ్స్ ఇంకా పన్నెండు మిగిలే ఉంటాయి. తర్వాతి చుట్టులో ఇంకోచోట తేడా పడుతుంది. మాస్టారు బోర్డు మీద 17 గీతలు, కింద 29 చుక్కలు పెట్టి ఎక్కడ కలుస్తాయో చెప్పమన్నారు. వెనకాల బెంచీలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఫోన్లో గుణించి “493” అన్నాడు. అంత దూరం వెళ్ళకుండానే ఆ భాగం అయిపోతుంది. అంటే అవి రెండూ మొదట్లో కలిసినట్టు మళ్ళీ ఎప్పుడూ కలవవు.

విశేషమేమిటంటే, మెస్సియాన్ ఈ తాళాల్ని మన దేశం వచ్చి ఏ విద్వాంసుడి దగ్గరో నేర్చుకోలేదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో ఇచ్చిన 120 దేశీ తాళాల పట్టిక ఒక ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో అచ్చయింది. దాన్ని చూసి పట్టుకున్నాడు. మాస్టారు మృదంగం అమ్మాయి వైపు తిరిగి “ఏదమ్మా, రాగవర్ధనం ఒక్కసారి వేసి చూపించు” అన్నారు. ఆ పిల్ల నవ్వేసి “మా సిలబస్‌లో ముప్ఫై అయిదు తాళాలే మాస్టారూ, ఇది లేదు” అంది. మనం అటక మీద పడేసిన సామాను పారిస్‌లో ఒకాయన దులిపి వాడుకున్నాడు.

ఇంక తంబూరా సాయంత్రం. ఇక్కడే స్పీకర్ల పరువు పోయింది. లా మాంటి యంగ్, టెర్రీ రైలీ అనే ఇద్దరు అమెరికన్ కంపోజర్లు 1970లో హిందుస్తానీ సంగీతంలో కిరాణా ఘరానా అనే బాణీకి చెందిన గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్‌కి శిష్యులయ్యారు. అప్పటికే పేరొచ్చిన వాళ్ళే. రైలీ రచన ‘ఇన్ సి’ 1964 నాటిది. అయినా కింద కూర్చుని తంబూరా మీటుతూ స ఎలా పట్టాలో మొదటినుంచి నేర్చుకున్నారు. శ్రుతి అంటే పాటకి వెనకాల పరిచే చాప కాదు, పాట పుట్టేదే అందులోంచి అన్న సంగతి వాళ్ళకి ఎక్కిందని మాస్టారు చెబుతూ ఒక రికార్డింగ్ పెట్టారు. హాల్లో ఉన్నవి బర్త్‌డే పార్టీల్లో వాడే బ్లూటూత్ స్పీకర్లు. కింద బాస్ గుబగుబమంటుంది, పైన ఉండాల్సిన నాదం మొత్తం మాయం. నాలుగు తీగలు మోగుతున్నప్పుడు ఎవరూ మీటని స్వరాలు కూడా పైన వినబడతాయే, ఆ పాఠానికి కావలసింది అదే. ఆ స్పీకర్లలో అవి వినబడవు. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు, వాళ్ళని తప్పుపట్టను.

మాస్టారికీ తెలిసింది. తర్వాతి వారం ఎవరిదో నిజం తంబూరా అరువు తెచ్చారు. ప, స, స, కింది స శ్రుతి చేసి మీటారు. చప్పగా ఉంది. అప్పుడు ఒక నూలుపోగు తీసి తీగకీ బ్రిడ్జికీ మధ్య దూర్చి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ వచ్చారు. ఒకచోట ఆగగానే తీగ ఒక్కసారి తేనెటీగల తుట్టె కదిలినట్టు ఝుమ్మంది. జీవ అంటారు ఆ పోగుని. నా కీబోర్డులో ‘తంబూరా’ అని ఒక టోన్ ఉంది. ఏళ్ళ తరబడి నొక్కుతూనే ఉన్నాను. ఇంక నొక్కబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి, నా వృత్తికి తగిలింది. ఒకవారం నన్ను కీబోర్డు తెమ్మన్నారు. తోడి రాగం వాయించమన్నారు. తోడి స్వరాలు నాకు తెలుసు. మి (E) నుంచి మి దాకా వరసగా తెల్లమెట్లు నొక్కితే వచ్చేస్తాయి, పాశ్చాత్యులు ఫ్రిజియన్ అంటారు. నొక్కాను. అందరికీ వినబడింది, అది తోడి కాదని. గాంధారం దగ్గర చిక్కు. తోడిలో గాంధారం తన మెట్టు మీద నిలబడదు. కింద రిషభం వైపు, పైన మధ్యమం వైపు ఊగుతూ ఉంటుంది. గమకమంటే ఇలాంటి ఊగడమే. సరే, స్వరాన్ని పైకీ కిందకీ జార్చే పిచ్ బెండ్ చక్రం ఉంది కదా, దానికి తెల్లవీ నల్లవీ కలిపి అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు వెసులుబాటు ఉంటుంది. సరిగ్గా రిషభం, మధ్యమం దాకా అందుతుంది. తిప్పాను. అంబులెన్సు సైరన్ వచ్చింది. దూరం సరిపోయింది గానీ ఎక్కడ నిదానించాలి, ఎక్కడ బరువెయ్యాలి అన్నది చక్రంలో లేదు.

మాస్టారు అంతటితో వదల్లేదు. “ఎడమ చేత్తో కార్డు పట్టుకుని ఇప్పుడు తిప్పు” అన్నారు. చక్రం తిప్పితే పై స్వరం ఒక్కటే కాదు, కార్డు మొత్తం దానితోపాటు జారిపోయింది, పడవ మునిగినట్టు. నవ్వులు. ఆయన నవ్వలేదు. “చూశావా నాయనా, స్వరాల్ని కలిపి మోగించే హార్మనీకి అవి కదలకుండా నిలబడాలి. గమకానికి స్వరం కదలాలి. రెండూ ఒకే గదిలో కాపురం చెయ్యాలంటే ఎవరో ఒకరు తగ్గాలి” అన్నారు. తర్వాత బొబ్బిలి వీణ తీశారు. గొల్లపల్లిలో పనసచెక్కతో చేసింది. అదే గాంధారాన్ని ఒక్క మెట్టు మీదే తీగ పక్కకి లాగి వినిపించారు. వేలు కొస పచ్చగా కాయ కాసి ఉంది ఆయనకి. మూడు సెకన్లు కూడా లేదు. తోడి వచ్చేసింది.

ఈ ఒక్క పరీక్షతో నాకు చాలా ముడులు విడిపోయాయి. బయటికి తేలిగ్గా ప్రయాణం చేసిన రాగాలేవి? కీరవాణి, చారుకేశి, హంసధ్వని, మోహనం. మెట్ల మీద నొక్కినా మొహం గుర్తుపట్టగలిగేవి. కీరవాణిని పాశ్చాత్యుడికి వినిపిస్తే హార్మోనిక్ మైనర్ అంటాడు, కుర్చీ వేస్తాడు. సహాన, బేగడ, ముఖారి ఎందుకు ప్రయాణం చెయ్యలేదు? వాటి స్వరాలు రాసిస్తే కాగితం మీద ఏమీ ఉండదు కనక. సంగీతం తెలిసిన మిత్రులు ఇదంతా మాకు చిన్నప్పుడే తెలుసనొచ్చు. తెలిసి ఉండొచ్చు, నాకు ఎవరూ వాయించి చూపించలేదు.

దీనికి జాన్ ఫోల్డ్స్ అనే ఇంగ్లీషు కంపోజర్ కథ భలే అతికింది. మన కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్త రాగాల్లోంచి స్వరవరసలు తీసుకుని పియానోకి రచనలు చేశాడు. 1935లో మన దేశం వచ్చి ఢిల్లీ ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు. 1939లో కలకత్తాలో పోయాడు. ఆ మధ్యలో హార్మోనియం మీద ధ్వజమెత్తి ఒక వ్యాసం రాశాడు, అది మన సంగీతానికి పనికిరాని పెట్టె అని. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది, సుమారు ముప్ఫై ఏళ్ళు. మేళకర్తల్ని పియానో మెట్ల మీదికి ఎక్కించినవాడే హార్మోనియం మెట్లు వద్దన్నాడు! మాస్టారు దీన్ని ఫోల్డ్స్ గొప్పతనంగా చెప్పారు. నాకు మాత్రం హార్మోనియం వాళ్ళ మీద జాలేసింది. వాళ్ళ వారసుణ్ణి కదా.

ఇక ఫిర్యాదులు. స్పీకర్ల సంగతి అయింది. రెండోది, సినిమా సంగీతానికి ఒక్క సాయంత్రమే కేటాయించడం. ఇది అన్యాయం. సాలూరు పక్క శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారికి పావుగంట! ఘంటసాల ఇక్కడి కళాశాలలో చదువుకున్నారు, సుశీల గారిది ఈ ఊరే. వాళ్ళ గొంతుల్లో గమకం ఎంత మేరకు ఉంచారు, మైకు కోసం ఎక్కడ తగ్గించారు అన్నదే ఒక నెల పాఠం. ‘శివశంకరీ’లో కింద వాయిద్యాలు ఎక్కడ నోరు మూసుకుని గొంతుకి దారిస్తాయో మాస్టారు చూపించారు, అది బంగారంలాంటి పది నిమిషాలు. అక్కడే ఇంకో గంట ఉండాల్సింది.

ఇళయరాజా దగ్గర కొంచెం నిలబడ్డారు, సంతోషం. 1986లో వచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ పెట్టారు. త్యాగరాజుకీ జర్మన్ కంపోజర్ బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చిన ఆల్బమ్. గమకం, హార్మనీ ఒక గదిలో ఎలా ఉంటాయన్న ప్రశ్నకి జవాబు అందులో వినబడుతుంది: వయొలిన్‌కి గమకం వదిలి, కింద మిగతా తీగల్ని వేరే దారిలో నడిపించడం. ఈ లెక్కన తగ్గాల్సింది ఎవరూ లేరు, గదిని రెండంతస్తులు చేస్తే సరి. మాస్టారు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన మనసులో పై అంతస్తు ఎప్పుడూ ఫిడేలుదే. అందులో ఆశ్చర్యమేముంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు. పేరుమోసిన పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ 1952లో మన దేశం వచ్చినప్పుడు మద్రాసులో నాయుడు గారి ఫిడేలు విన్నారన్న సంగతి ఆయన మాకు ఒకటికి మూడుసార్లు చెప్పారు. అసలు ఆ ఫిడేలే బాలుస్వామి దీక్షితుల కాలంలో తెల్లవాళ్ళ దగ్గర్నుంచి మనం తీసుకున్నదని గుర్తుచేస్తే “తీసుకున్నాం, శ్రుతి మార్చాం, కింద కూర్చోబెట్టాం” అన్నారు. ఆ జవాబుకి ఎదురు లేదు.

మూడో ఫిర్యాదు చిన్నది. రచనల పేర్లు రాసిచ్చే కాగితం చేతిరాతతో జిరాక్స్ తీసింది, సగం పేర్లు చదవలేం. ఇంటికెళ్ళి వెతుక్కుందామంటే దొరకవు. టైపు చేయించండి మాస్టారూ, గంటస్తంభం దగ్గర పేజీకి ఎంతో తీసుకోరు.

నాకేం ఒరిగిందంటారా? మొన్న ఒక షార్ట్‌ఫిల్ముకి కార్డ్స్ అన్నీ పీకేసి, కింద స, ప మాత్రం ఉంచి, పైన ఫిడేలు కుర్రాడిచేత నిజంగా వాయించి పంపాను. డైరెక్టరు ఫోన్ చేసి “ఏటన్నా, ఖాళీగా ఉంది, మ్యూజిక్ లోడవ్వలేదేటి?” అన్నాడు. బతిమాలి రెండు సీన్లకి ఉంచాను, మిగతా చోట్ల కార్డ్స్ తిరిగొచ్చాయి.

ఎవరు చేరొచ్చు? కీబోర్డు, గిటారు, డీజే పనుల్లో ఉన్నవాళ్ళు తప్పకుండా. సంగీతం డిప్లొమా చేసినవాళ్ళకి మన రాగాల భాగం తెలిసిందే అనిపిస్తుంది, మెస్సియాన్, గ్లాస్ క్లాసులకి మాత్రం రండి. పిల్లల్ని పాటలో పెట్టాలనుకునే తల్లిదండ్రులకి ఇది కాదు, అక్కడ ఎవరూ సరళీ స్వరాలు చెప్పరు. ‘మనదే గొప్ప’ అనిపించుకోవడానికి వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. తెగ్గోసినదాంట్లో సగం స్పీకర్లకి, సగం సాలూరి వారి పావుగంటకి. కొత్త బ్యాచ్ పైడితల్లమ్మ సిరిమాను పండగ అయ్యాక మొదలట. సొంత హెడ్‌ఫోన్లు, పంచుకోడానికి ఒక స్ప్లిటర్ తెచ్చుకోండి, మాస్టారు అడ్డుచెప్పరు. మెట్ల దగ్గర లైటు లేదు, ఫోన్ టార్చి వేసుకుని ఎక్కండి.